అప్‌డేట్: సైట్లు ఒకసారి తెరుచుకుని ఒకసారి మొరాయించడం – కారణం దొరికింది!

మొన్న అడిగింది నేనేనండీ, విశాఖ ఎంవీపీ కాలనీ నుంచి. ఇంటి నెట్‌లో వాట్సాప్, యూట్యూబ్ బాగానే ఉండి, బ్యాంకు సైటు, కరెంటు బిల్లు పేజీ మాత్రం తిరుగుతూనే ఉండేవని చెప్పాను కదా. మీరు చెప్పినట్టు డీఎన్ఎస్ (సైటు పేరుకి అడ్రస్ వెతికిపెట్టే సర్వర్) గూగుల్ వాళ్ల 8.8.8.8కి మార్చాను, లాభం లేదు. కేబుల్ అబ్బాయి వచ్చి "సముద్రపు గాలికి కనెక్టర్ తుప్పు పట్టుంటది సార్" అని మార్చి వెళ్లాడు. ఇక్కడ దేనికైనా అదే జవాబు!

ఫోన్ హాట్‌స్పాట్ మీద అవే సైట్లు టక్కున తెరుచుకున్నాయి. అంటే ల్యాప్‌టాప్ తప్పు కాదు. అప్పుడు ఒకాయన చెప్పిన పింగ్ పరీక్ష (ఒక డేటా ప్యాకెట్ పంపి జవాబు వస్తుందో లేదో చూడటం) చేశా: ప్యాకెట్‌ని ముక్కలు చేయొద్దని చెప్పి సైజు 1472 బైట్లు పెడితే దాటలేదు, 1464 పెడితే దాటింది. దానికి హెడర్లు (ప్యాకెట్ ముందుండే అడ్రస్ లాంటి వివరాలు) 28 బైట్లు కలిపితే 1492. మాది యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడిగే పీపీపీఓఈ కనెక్షన్. ఒక ప్యాకెట్‌కి ఉండే మామూలు 1500 బైట్లలో 8 అదే తినేస్తుంది. నేను కొత్తగా కొన్న రౌటర్‌లో ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ సైజు) 1500 అనే ఉంది. అందుకే చిన్న ప్యాకెట్లు దాటేవి, సైటు తన గుర్తింపు కోసం పంపే సర్టిఫికెట్ లాంటి పెద్దవి మధ్యలో మాయం.

ఎంటీయూని 1492 చేసి రౌటర్ రీస్టార్ట్ చేశా. నాలుగు రోజులైంది, ఒక్కసారి కూడా ఆగలేదు. పాత రౌటర్‌ని అనవసరంగా తిట్టాను పాపం.