త్సుకిజిలో మధ్యాహ్న భోజనం: ఎక్కడ తినాలి, ఎంత పెట్టాలి?

సముద్రఘోష:
టోక్యోలో త్సుకిజి బయటి మార్కెట్ దగ్గర మా ఆవిడా నేనూ కైసెన్‌దోన్ తిన్నాం. గిన్నెడు అన్నం మీద పచ్చి చేప ముక్కలు పరిచి ఇస్తారు, అదన్నమాట. ఒక్కో గిన్నె 5,800 యెన్లు, మన డబ్బుల్లో మూడు వేల పైమాటే. రేటు చూసుకునే కూర్చున్నాం కాబట్టి దాని మీద గొడవ లేదు. వచ్చిన తిండి చూశాకే మనసు కష్టపడింది. చేప ముక్కలు ఎంత పల్చగా కోశారంటే కింద అన్నం కనబడుతోంది. ట్యూనా మధ్యలో ఇంకా మంచు గట్టిగా తగులుతోంది. అది కరిగి అన్నం కూడా తడిసి ముద్దయింది. పైగా కూర్చున్నాక చెప్పారు, మనిషికో డ్రింక్ తప్పనిసరి అని. జపాన్‌లో మామూలు హోటళ్ళలో మంచినీళ్ళో టీయో ఊరికే ఇస్తారు కదా! త్వరలో మా అన్నయ్యా వదినా వెళ్తున్నారు. వాళ్ళకి ఏం చెప్పమంటారు? మీకు ఎదురైనవి రాయండి.

టోక్యోవాసి:
చాలామంది త్సుకిజి అంటే ఇంకా పెద్ద చేపల మార్కెట్ అనే అనుకుంటారు. వేలంపాటలు జరిగే లోపలి మార్కెట్ 2018 అక్టోబరులోనే టోక్యోలోనే ఉన్న తొయోసు అనే చోటికి వెళ్ళిపోయింది. ఇప్పుడు మిగిలింది బయటి వీధులు. అక్కడ మంచి పాత కొట్లు ఉన్నాయి, కాదనను. కానీ మధ్యాహ్నం వేళ వచ్చేది ఎక్కువగా టూరిస్టులే. మళ్ళీ రాని మనిషికి వడ్డించేటప్పుడు కొందరు ఎలా వడ్డిస్తారో మీరే చూశారు. తొయోసు వెళ్తే చవక అనుకోకండి. 2024 ఫిబ్రవరిలో ఆ మార్కెట్ పక్కన సెన్‌క్యాకు బన్‌రాయ్ అనే హోటళ్ళ, కొట్ల సముదాయం తెరిచినప్పుడు 6,980 యెన్ల గిన్నెలు చూసి జపాన్ వాళ్ళే నోరెళ్ళబెట్టారు. పత్రికల్లో, టీవీల్లో అదే చర్చ.

ఇక్కడ ఆఫీసులకి వెళ్ళేవాళ్ళు మధ్యాహ్నం తినేది తేయిషొకు. అన్నం, మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) సూప్, ఊరగాయ, ఒక చేపో మాంసమో. 1,000 యెన్లకి అటూ ఇటూగా కడుపు నిండుతుంది. పన్నెండింటికి మెడలో ఐడీ కార్డులతో జనం ఎక్కడ వరుసగా నిలబడితే అక్కడికి వెళ్ళండి. ఆ వరుసలు మెయిన్ రోడ్డు మీద కంటే పక్క సందుల్లోనే ఎక్కువ.

ఉప్పుచేప:
ఖరీదైనదల్లా మోసం అంటే నేను ఒప్పుకోనండీ. ఊని (సముద్రపు ముళ్ళజీవి లోపలి పసుపు భాగం), ట్యూనా పొట్ట దగ్గరి కొవ్వు ముక్క ఓతోరో, ఇవి జపాన్‌లో ఎవరు కొన్నా ఖరీదే. మంచి ఊని ఎత్తుగా, గట్టిగా నిలబడుతుంది, నోట్లో పెట్టగానే తియ్యగా వెన్నలా కరుగుతుంది. దానికి డబ్బు పెట్టొచ్చు. పాడయ్యేదానికి, కరిగి నీళ్ళయ్యేదానికి అంత రేటు వేయడమే అన్యాయం.

త్సుకిజి నుంచి గింజాకి నడిచి పావుగంట. రాత్రి పూట పదిహేను, ఇరవై వేల యెన్లు తీసుకునే సుషీ హోటళ్ళలో కొన్ని మధ్యాహ్నం అందులో చిన్న వంతుకే లంచ్ సెట్ పెడతాయి. అదే వంటవాడు, దాదాపు అదే చేప. మీరు ఆ గిన్నెకి ఇచ్చిన డబ్బుతో కౌంటర్ ముందు కూర్చుని, ఆయన ఒక్కో ముద్ద చేతిలో పెట్టి ఇస్తుంటే తినొచ్చు. అయితే ముందుగా బుక్ చేసుకోవాలి. రెండింటికల్లా చాలా చోట్ల లంచ్ ఆర్డర్లు ఆపేస్తారు, తిరిగి తిరిగి మూడింటికి వెళ్తే లాభం లేదు.

కూరగాయలబుట్ట:
మాది పూర్తి శాకాహారం. క్యోటోలో నాన్‌జెన్‌జి గుడి దగ్గర యుదోఫు తిన్నాం. మట్టికుండలో కొంబు సముద్రపు నాచు వేసిన వేడినీళ్ళు, అందులో తెల్లటి టోఫు (సోయా పాలతో చేసే పనీర్ లాంటిది) ముక్కలు. సెట్ మూడు వేల యెన్ల పైనే అయింది. ఉడకబెట్టిన టోఫుకి ఇంతా అని మా వారు అన్నారు. నాకు మాత్రం అది తగిన ధరే. తోట వైపు కూర్చోబెట్టారు, నువ్వుల టోఫు, కూరగాయల టెంపురా (పిండిలో ముంచి వేయించినవి) కూడా ఇచ్చారు, ఎవరూ తొందరపెట్టలేదు. ఒక్క జాగ్రత్త: నంజుకునే సాస్‌లో ఎండుచేప రసం ఉండొచ్చు, ముందే అడగండి. సోబా, ఉడోన్ అనే నూడుల్స్ రసాల్లో అయితే దాదాపు ఎప్పుడూ ఉంటుంది. ముక్కలు తీసి పక్కన పెడితే శాకాహారం అయిపోదు.

సముద్రఘోష:
మా వదిన కూడా శాకాహారే, ఇది చాలా పనికొస్తుంది. మరి ఆ డ్రింక్ లాంటివి ముందే తెలుసుకోవడం ఎలా?

టోక్యోవాసి:
బయట పెట్టిన బోర్డు పూర్తిగా చూడండి. 2021 ఏప్రిల్ నుంచి పన్నుతో కలిపిన మొత్తం చూపించాలని రూలు ఉంది. కానీ పన్ను లేని ధర పెద్దక్షరాల్లో, కలిపింది కింద చిన్నక్షరాల్లో వేసే హోటళ్ళు బోలెడు. రెండు ధరలు కనిపిస్తే, ఎక్కువ ఉన్న ధరే మీరు కట్టేది. డ్రింక్ షరతు కూడా అక్కడే ఎక్కడో ఓ మూల ఉంటుంది, ఫోన్ కెమెరాతో అనువాదం చేసుకోండి. కూర్చున్నాక చెప్తే, ఆర్డర్ ఇవ్వకముందు లేచి వచ్చేయండి, ఇందులో మొహమాటం అక్కర్లేదు. టిప్పు ఎవరూ అడగరు. గుమ్మం దగ్గర టికెట్ మెషీన్ ఉన్న హోటలైతే ఇంకా నిశ్చింత. డబ్బు ముందే కట్టేస్తారు కాబట్టి తర్వాత బిల్లులో ఇంకేదీ చేరదు.

ఉప్పుచేప:
షిన్‌జుకులో టోక్యో ప్రభుత్వ భవనం 45వ అంతస్తు నుంచి ఊరు చూడటానికి ఎలాగూ వెళ్తారు, అది ఉచితం. అదే భవనం 32వ అంతస్తులో ఉద్యోగుల క్యాంటీన్ ఉంది, బయటివాళ్ళనీ రానిస్తారు. పనిదినాల్లోనే సుమా. మీ అన్నయ్యగారికి చెప్పండి.

సముద్రఘోష:
చెప్తాను. గింజాలో మధ్యాహ్నం సుషీకి ఈ రాత్రే బుక్ చేయమంటాను. వదిన కోసం ఆ పూటకి దగ్గర్లో శాకాహారం దొరికే చోటు ఎవరికైనా తెలిస్తే ఇక్కడే రాయండి.