పాత టౌన్ కారా, డివిల్లా? ఏ సంవత్సరంలో కింద ఏం మారిందో తెలిసినవారు చెప్పండి

వెనకసీటు యజమాని
వేసవికి అమ్మానాన్న వస్తున్నారు. నాన్నకు మోకాళ్ల నొప్పులు. ఎస్‌యూవీ ఎక్కలేరు, చిన్న సెడాన్‌లో కూర్చుంటే లేవలేరు. అందుకని పాత అమెరికన్ పెద్ద సెడాన్ ఒకటి చూస్తున్నాను. లింకన్ టౌన్ కార్ అయితే 1998–2002 మధ్యది మేలా, 2003 తర్వాతదా? కాడిలాక్ డివిల్, డీటీఎస్ ఒకటేనా? ఇవేవీ కాదని కాడిలాక్ సీటీ6కు వెళితే విడిభాగాలు దొరుకుతాయా? బీమా ఎంత పడుతుందో కూడా ఎవరైనా చెబితే సంతోషం. మేముండేది ఒహాయోలో, చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, అది కూడా దృష్టిలో పెట్టుకుని చెప్పండి.

పాంథర్ ప్రియుడు
టౌన్ కార్. ఇందులో చర్చించడానికి ఏముంది? లింకన్ 1980లో ఫోర్డ్ వారి పాంథర్ ప్లాట్‌ఫాం (పలు కార్లకు ఉమ్మడిగా వాడే కింది నిర్మాణం) మీదికి దిగింది, 2011లో ఉత్పత్తి ఆగేదాకా దాన్ని వదలలేదు. 1990లో ఒకసారి, 1998లో ఒకసారి పైన ఒళ్లు మార్చారు. కింద మాత్రం ఒంటికి విడిగా ఉండే ఫ్రేము, ముందు వీ8 ఇంజను, శక్తి వెనక చక్రాలకు. 1991లో వచ్చిన 4.6 లీటర్ల ఇంజను వంశమే చివరిదాకా కొనసాగింది. నా దగ్గర 1997ది ఉంది. మా అబ్బాయి డ్రైవింగ్ నేర్చుకున్నది దాంట్లోనే, ఇప్పుడు వాడు ఎలక్ట్రిక్ కారు కొని నన్ను చూసి నవ్వుతున్నాడు. నవ్వనివ్వండి. మీరు ఏ సంవత్సరానిదైనా కళ్లు మూసుకుని తీసుకోవచ్చు, అన్నీ ఒకటే.

చట్రం రాజు
«అన్నీ ఒకటే» అనే సలహా విని డబ్బు పెట్టకండి. నేను మిషిగన్‌లో ఛాసిస్ భాగాలు సరఫరా చేసే రంగంలో ఏళ్ల తరబడి పనిచేశాను. ఈ ఫ్రేముల డ్రాయింగులు నా బల్ల మీదుగా వెళ్లాయి. 2003లో వచ్చింది కొత్త ఫ్రేము. దాని ముందు పట్టాలు హైడ్రోఫార్మింగ్‌తో చేసినవి, అంటే గొట్టంలోకి విపరీతమైన ఒత్తిడితో ద్రవం పంపి ఆకారం తెప్పించినవి. పాత స్టీరింగ్ పెట్టె పోయి ర్యాక్ అండ్ పినియన్ అనే పళ్ల కడ్డీ స్టీరింగ్ వచ్చింది. వెనక షాక్ అబ్జార్బర్లు ఫ్రేము పట్టాల లోపలి నుంచి బయటికి జరిగాయి. నమ్మకపోతే 2002 కారు చక్రం విప్పి 2003 కారుకు ముందు వైపు బిగించి చూడండి, పట్టదు. ఆఫ్‌సెట్, అంటే చక్రం వెడల్పులో బోల్టులు బిగించే చోటు, మారిపోయింది. దూరం నుంచి కూడా గుర్తుపట్టవచ్చు: పాతదాని చక్రం మధ్యలో లోపలికి పోయి ఉంటుంది, కొత్తదాని ముఖం దాదాపు చదునుగా ఉంటుంది.

పాంథర్ ప్రియుడు
చెప్పులు మార్చుకుంటే మనిషి మారిపోతాడా రాజుగారూ? వీల్‌బేస్, అదే ముందు వెనక చక్రాల మధ్య దూరం, మొదట్లోనూ 117 అంగుళాల పైచిలుకే, చివర్లోనూ 117 పైచిలుకే. ఫోర్డ్ క్రౌన్ విక్టోరియా, మెర్క్యురీ గ్రాండ్ మార్క్విస్, టౌన్ కార్ ముగ్గురూ ఒకే కడుపున పుట్టినవాళ్లు. పాంథర్ అనే పేరు ఫోర్డ్ వాళ్లే చివరిదాకా మార్చలేదు. మీరు మార్చేస్తారా?

చట్రం రాజు
వీల్‌బేస్ ఒకటైతే ప్లాట్‌ఫాం ఒకటేనా? ఇది బోల్టు ఎప్పుడూ విప్పనివారి వాదన. 2003 దాకా ఎందుకు, 1998లోనే వెనక ఇరుసును మధ్యలో నిలబెట్టడానికి వాట్స్ లింకేజ్ పెట్టారు. మీరు మురిసిపోతున్న 1997 కారులో అది లేదు. మలుపులో వెనక భాగం పక్కకు జరిగినట్టు మీకు ఎప్పుడూ అనిపించలేదంటే మీరు మలుపులే తిరగలేదన్నమాట.

పాంథర్ ప్రియుడు
నా కారు సంగతి నాకు చెప్పనవసరం లేదు. డ్రాయింగులు చూసినవారంతా ఇంజనీర్లయితే జిరాక్స్ దుకాణం అబ్బాయి చీఫ్ ఇంజనీరు.

నల్లకారు నడిపినవాడు
మీరిద్దరూ కారు కింద పడుకుని కొట్టుకోండి. వెనక సీట్లో కూర్చునేవారి సంగతి నేను చెబుతాను. న్యూజెర్సీలో చాలా కాలం విమానాశ్రయానికి అద్దె కారు నడిపాను. పెద్దవాళ్ల కోసమైతే మామూలు టౌన్ కార్ కాదు, పేరు చివర ‘ఎల్’ ఉన్నది వెతకండి. వీల్‌బేస్ ఆరు అంగుళాలు ఎక్కువ, ఆ ఆరూ వెనక తలుపు దగ్గరే కలుస్తాయి. మోకాలు మడవలేనివారు ముందు కూర్చుని, కాళ్లు తర్వాత తిప్పుకోవచ్చు. ఇక డిక్కీ. లోపల బావిలాగా లోతు ఉంటుంది. అమ్మానాన్నలకు చెరి రెండు 23 కిలోల పెట్టెలు, చేతి సంచులు, పచ్చళ్ల అట్టపెట్టె అన్నీ పడతాయి. పెద్ద పెట్టెలు ముందు ఆ గుంటలో నిలబెట్టండి, చిన్నవి మీద పెట్టండి. తలకిందులుగా చేస్తే మూత పడదు.

ఒక్క జాగ్రత్త. వెనక స్ప్రింగులకు బదులు గాలి సంచులు ఉంటాయి. రాత్రి నిలిపిన కారు తెల్లారేసరికి వెనక భాగం కుంగి ఉంటే సంచి కారుతున్నట్టు. అమ్మేవారి ఇంటికి పొద్దున్నే చెప్పకుండా వెళ్లి చూడండి. మధ్యాహ్నం వెళితే అప్పటికి ఇంజను వేసి పైకి లేపేసి ఉంటారు.

ఆర్లింగ్టన్ బ్రోమ్
అందరూ లింకన్ జపమేనా? నా దగ్గర 1996 కాడిలాక్ ఫ్లీట్‌వుడ్ ఉంది. 225 అంగుళాల పొడవు. టెక్సస్‌లో ఆర్లింగ్టన్ ఫ్యాక్టరీలో తయారైంది, మా ఇంటి నుంచి అరగంట దూరం. అదే ఏడాది చివర్లో ఆ ఫ్యాక్టరీలో పెద్ద సెడాన్లు ఆపేసి ట్రక్కులకు మార్చేశారు. ఇప్పుడు కాడిలాక్ ఎస్కలేడ్ ఎస్‌యూవీ అక్కడే తయారవుతుంది. 5.7 లీటర్ల ఎల్‌టీ1 ఇంజను, 260 హార్స్‌పవర్. మా మావయ్యగారు గుంటూరు నుంచి వచ్చినప్పుడు వెనక సీట్లో కాళ్లు చాపుకుని పడుకుని, ‘ఇది కారు కాదు అల్లుడూ, ఏసీ పెట్టిన వసారా’ అన్నారు. దానితో పోలిస్తే టౌన్ కార్ ఇరుకు.

చట్రం రాజు
నీటి పంపు వెనక డిస్ట్రిబ్యూటర్ (స్పార్క్ ప్లగ్గులకు కరెంటు పంచేది) దాచిపెట్టిన ఇంజను కదా అది. పంపు కారితే నీళ్లు నేరుగా దాని మీదే. అలా పెట్టినవాడికి నమస్కారం.

ఆర్లింగ్టన్ బ్రోమ్
నాకు ఇప్పటిదాకా కారలేదు. దిష్టి పెట్టకండి.

అసలు కాడిలాక్ చెడిపోయింది 1985లో. అంతకుముందు 1977లో కుదించినప్పుడు కూడా జనం ఏడ్చారు కానీ ఆ కారు బాగుంది, బాగా అమ్ముడుపోయింది కూడా. 1985లో మాత్రం డివిల్‌లో ఇంజను శక్తిని ముందు చక్రాలకు మార్చి, దాదాపు రెండడుగుల పొడవు కోసేశారు. బ్యూక్, ఓల్డ్స్‌మొబైల్, కాడిలాక్ మూడూ పక్కపక్కన పెడితే ఏది ఏదో తెలియదు. లింకన్ వాళ్లు దాని మీద టీవీ ప్రకటనే తీశారు: పార్కింగ్ కుర్రాడు ఒకరి కారు ఒకరికి తెస్తుంటే, అది నాది కాదంటూ అందరూ తికమకపడతారు. 1989లో మళ్లీ తొమ్మిది అంగుళాలు అతికించారు. కోసినవారే అతికించడం చూస్తే ఎవరికి అర్థం కావాలో అర్థమైంది.

వెనకసీటు యజమాని
అందరికీ ధన్యవాదాలు. ‘ఎల్’ సంగతి చాలా ఉపయోగపడింది. డివిల్, డీటీఎస్ గురించి కూడా ఎవరైనా చెబుతారా? బీమా?

కూలెంట్ బాధితుడు
నేను చెబుతాను, ఎందుకంటే మంట ఇంకా చల్లారలేదు. 2000లో వచ్చిన డివిల్‌నే పైపైన మార్చి 2006లో డీటీఎస్ అని పేరు పెట్టారు, కింద నుంచి చూస్తే దగ్గర బంధువులే. బ్యూక్ లూసర్న్ కూడా వాటి చుట్టమే. ఇంజను నార్త్‌స్టార్ 4.6. ఇంజను దిమ్మ అల్యూమినియం, దాని మీది హెడ్‌ను బిగించే బోల్టులు ఉక్కువి. 1990ల ఇంజన్లలో ఆ బోల్టులు దిమ్మలోని మరలను పట్టుకుని పైకి వచ్చేస్తాయి, దాంతో దిమ్మకూ హెడ్‌కూ మధ్య ఉండే గాస్కెట్ పోతుంది. 2000లో బోల్టులు మార్చారు, కొన్నేళ్లకు ఇంకా ముతక మరలు పెట్టారు. అందుకే డీటీఎస్ అయితే భయం చాలావరకు తక్కువ. కొనాలంటే అదే కొనండి.

నా బాధ వేరు. నాకు కారు అమ్మిన డీలరు రేడియేటర్‌లో లీకు ఆపే మందు పోసి, పైన కొత్త కూలెంట్ నింపి అంటగట్టాడు. మూత తీసి లోపలి అంచు మీద వేలు పెట్టి చూడండి. గోధుమ రంగు బురదలాంటిది అంటుకుంటే మారుమాట లేకుండా వెనక్కి తిరిగి రండి. ఫిర్యాదు చేద్దామంటే ‘ఉన్నది ఉన్నట్టుగా’ అని సంతకం పెట్టించుకున్న కాగితం చూపించాడు.

హెమీ సుబ్బు
ఇంత గొడవెందుకు, క్రైస్లర్ 300సీ తీసుకోండి. 2005లో వచ్చిన ఎల్‌ఎక్స్ ప్లాట్‌ఫాం అంటే లోపల అంతా మెర్సిడెస్ ఈ క్లాసే. సగం ధరకు బెంజ్.

చట్రం రాజు
లోపల అంతా ఏమీ కాదు. వెనక సస్పెన్షన్ నమూనా, 5 స్పీడ్ ఆటోమేటిక్ గేర్‌బాక్స్, ఇంకొన్ని భాగాలు అటునుంచి వచ్చాయి. ఛాసిస్ కొలతలు వేరు, 5.7 హెమీ ఇంజను పూర్తిగా క్రైస్లర్‌ది. తొలి ఏళ్లలో చిన్న 2.7 వీ6 తీసుకున్నవారికి ఆ గేర్‌బాక్స్ కూడా రాలేదు, క్రైస్లర్ సొంత 4 స్పీడే. ‘సగం ధరకు బెంజ్’ అనేది కార్లమ్మేవారి పాట.

హెమీ సుబ్బు
మీకు నచ్చనిది ఏదైనా పాటే.

మ్యూజియం మూర్తి
ఫ్రేము అంటే పాతది, యూనిబాడీ (విడి ఫ్రేము లేకుండా ఒళ్లే చట్రంగా ఉండేది) అంటే కొత్తది అని ఇక్కడ చాలామంది అనుకుంటున్నట్టుంది. 1961 లింకన్ కాంటినెంటల్ యూనిబాడీ. ఎల్వుడ్ ఎంగెల్ గీసిన కారు, వెనక తలుపులు వెనక నుంచి తెరుచుకునేవి. కెన్నెడీ ప్రయాణించింది దాన్నే సాగదీసి చేసిన కారులో. ఆ కారు డియర్‌బోర్న్‌లో హెన్రీ ఫోర్డ్ మ్యూజియంలో ఉంది, ఒహాయో నుంచి దగ్గరే కాబట్టి పెద్దవాళ్లను తీసుకెళ్లండి. అదే కాంటినెంటల్ 1970లో మళ్లీ విడి ఫ్రేము మీదికి వెళ్లింది, 1982లో ఫోర్డ్ వారి ఫాక్స్ ప్లాట్‌ఫాంకు, 1988లో ఫోర్డ్ టారస్ భాగాలతో, శక్తి ముందు చక్రాలకు. 2017లో మళ్లీ వచ్చినప్పుడు ఫోర్డ్ ఫ్యూజన్ చుట్టం. ఒకే పేరు కింద ఇన్ని రకాల కార్లు అమ్మిన సంస్థను నేను ఇంకొకటి చూడలేదు. 2000లో వచ్చిన లింకన్ ఎల్‌ఎస్ అయితే జాగ్వార్ ఎస్ టైప్‌తో కింద భాగాలు పంచుకుంది. దాని గురించి మాట్లాడేవారే లేరు, పాపం.

పాంథర్ ప్రియుడు
మాట్లాడకపోవడానికి కారణం ఉంది.

మ్యూజియం మూర్తి
చెప్పండి మరి, వింటాను. ఒక్క వాక్యం అనేసి పారిపోవడం చర్చ కాదు.

ఆర్లింగ్టన్ బ్రోమ్
కాడిలాక్ కాటెరాను కూడా వదలకండి. జర్మనీలో రుసెల్స్‌హైమ్‌లో తయారైన ఓపెల్ ఒమేగాకు కాడిలాక్ బొమ్మ అతికించి 1997 నుంచి అమ్మారు. అంతకుముందు సిమరాన్, అది షెవర్లే చిన్న కారుకు కాడిలాక్ వేషం. అసలు మార్పు 2003 సీటీఎస్‌తో, సిగ్మా ప్లాట్‌ఫాంతో వచ్చింది. అప్పటి నుంచి కాడిలాక్ వారికి సొంతంగా వెనక చక్రాల మీద నిలబడటం మళ్లీ అలవాటైంది.

వెనకసీటు యజమాని
సీటీ6?

చట్రం రాజు
2016 మోడల్‌గా వచ్చింది, ఒమేగా ప్లాట్‌ఫాం. ఆ ప్లాట్‌ఫాం మీద ఇంకో కారు రాలేదు. అమెరికాలో తయారీ 2020లో ఆగింది, చైనాలో కొనసాగింది. నడపడానికి ఈ చర్చలో చెప్పిన వాటన్నిటికంటే బాగుంటుంది. కానీ ఒళ్లు చాలావరకు అల్యూమినియం, చిన్న గుద్దు తగిలినా అందరు మెకానిక్‌లూ ముట్టుకోరు. ఇంజను భాగాలు దొరుకుతాయి, తలుపులు, దీపాల దగ్గరే చిక్కు. మీ అవసరానికి 2003 తర్వాతి టౌన్ కార్ ఎల్ చాలు. 2002కు ముందువి చూస్తే ఇంజను మీది ప్లాస్టిక్ ఇన్‌టేక్ మానిఫోల్డ్ (ఇంజనులోకి గాలి పంపే గొట్టాల పెట్టె) మార్చారో లేదో అడగండి. 1996–2001 మధ్యవాటిలో అది ముందు వైపు పగిలి కూలెంట్ కారుతుంది.

పాంథర్ ప్రియుడు
నాది మార్చి చాలా కాలమైంది. సమస్యే కాదు.

చట్రం రాజు
మార్చారంటే సమస్య ఉన్నట్టే కదా.

నల్లకారు నడిపినవాడు
ఒహాయో తమ్ముడూ, వీళ్లను వదిలేయండి. ఉప్పు సంగతి ఎవరూ చెప్పలేదు. కారును లిఫ్ట్ మీద ఎత్తించి, వెనక చక్రాల ముందు ఫ్రేము వంపు తిరిగే చోట స్క్రూడ్రైవర్ పిడితో తట్టండి. గట్టిగా మోగాలి. మొద్దుగా వినిపించినా, తుప్పు పొరలు రాలినా వద్దు. వీలైతే ఫ్లోరిడాలోనో అరిజోనాలోనో పెద్దవాళ్లు వాడినది వెతకండి. పైన రంగు ఎండకు వెలిసినా ఫరవాలేదు, కింద బాగుంటుంది.

వెనకసీటు యజమాని
టంపా దగ్గర 2007 సిగ్నేచర్ ఎల్ ఒకటి కనిపించింది. శనివారం పొద్దున్నే, చెప్పకుండా వెళుతున్నాను. బీమా గురించి ఇంకా ఎవరూ చెప్పలేదు.

హెమీ సుబ్బు
300సీ ఒకసారి నడిపి చూడండి, తర్వాత మాట్లాడదాం.