ఒత్తు జుట్టుకి స్ట్రెయిట్‌నర్: లోపల ఉంగరాలు పోవట్లేదు

ప్రశ్న: ఉండేది బరంపురం. పైన సాఫీగానే వస్తోంది, లోపల ఉంగరాలు అలాగే ఉంటున్నాయి. గంటకల్లా ఉబ్బిపోతోంది. వేడి ఎంత పెట్టాలండీ?

జవాబు: వేడి కాదు, పాయలు లావుగా తీస్తున్నట్టున్నారు. జుట్టుని నాలుగు భాగాలుగా క్లిప్పులు పెట్టి, మెడ దగ్గర మొదలెట్టండి. పాయ 2-3 సెంటీమీటర్లే, వేళ్లు అవతల కనబడేంత పల్చగా. 180 డిగ్రీలు పెట్టండి, మరీ మొండిదైతే 200. గబగబా ఐదుసార్లు లాగేకన్నా నెమ్మదిగా ఒక్కసారి నయం.

జవాబు: ప్లేటు పెట్టగానే చుయ్‌మంటే జుట్టులో తడి ఉన్నట్టే, ఆపేయండి. లోపలి నీరు ఆవిరై వెంట్రుక చిట్లుతుంది. కొబ్బరినూనె రాసి మాత్రం వద్దమ్మా! హీట్ ప్రొటెక్టెంట్ (వేడి నుంచి జుట్టుని కాపాడే స్ప్రే) కొట్టి, ఆరాకే ప్లేటు పెట్టాలి.

జవాబు: ఉబ్బడానికి తేమ కారణం. వేడికి విడిన హైడ్రోజన్ బంధాలు (వెంట్రుక ఆకారాన్ని పట్టి ఉంచేవి) తేమ తగిలితే పాత వంపులోకే వస్తాయి. చల్లారేదాకా జడ వేయకుండా, చివర్లకి రెండు చుక్కల సీరం రాయండి. గోపాల్‌పూర్ బీచికి వెళ్లేరోజు, అక్కడి తేమకి నిలవదు, స్ట్రెయిట్‌నర్ అసలు పెట్టుకోకండి.