కొలోచావా ఊరి పాత కాగితాలు చదవగలిగేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

అందరికీ నమస్తే. 2022లో యుద్ధం మొదలయ్యేదాకా ఉక్రెయిన్‌లోని ఉజ్‌హొరోద్‌లో మెడిసిన్ చదివాను, అక్కడి ఫ్రెండ్ వాళ్ళది కార్పాతియన్ కొండల్లో తెరెబ్లియా నది పక్కనున్న కొలోచావా. వాళ్ళ ముత్తాత ఊరు దాటకుండానే ఆస్ట్రియా-హంగరీ, చెకోస్లొవేకియా, 1939 నుంచి హంగరీ, తర్వాత సోవియట్ యూనియన్, ఇన్ని దేశాలు చూశాడట (మనకి ఒక్క రాష్ట్రం రెండైతేనే ఆధార్‌లో అడ్రస్ మార్చుకోలేక చచ్చాం).

ఇప్పుడు వాళ్ళ అటక మీద ఓ పెట్టె దొరికింది. అందులో చెక్ బడి సర్టిఫికెట్ ఉంది, హంగేరియన్‌లో ఏవో రసీదులు, అవి కలప పని కూలివా, గొర్రెల పన్నువా అర్థం కావట్లేదు, ట్రాన్స్‌లేషన్ యాప్ ఆ చేతిరాత చూసి చేతులెత్తేసింది. పాత హంగేరియన్ చేతిరాత చదవగలిగేవాళ్ళు ఎవరైనా ఉంటే ఫొటోలు పంపిస్తాను.

ఇంకోటి. రెండు రసీదుల మీద పక్కింటి యూదు దుకాణదారు సంతకం ఉంది. 1944లో ఆ ప్రాంతం యూదుల్ని నాజీల మరణ శిబిరం ఆష్విట్జ్‌కి తరలించారు కదా, ఆ కుటుంబంలో ఎవరైనా బతికారేమో వెతకాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? ఊళ్ళో మ్యూజియాలు చాలానే ఉన్నాయి, వాళ్ళని అడిగితే చెప్తారా?