కాకతీయుల కాలం ప్రేమకథలో మాటలు ఎలా రాయాలి?

అందరికీ నమస్కారం. మొదటిసారి నవల రాస్తున్నాను, చారిత్రక ప్రేమకథ, కాస్త మాయ కూడా ఉంటుంది. తుఫానుకు ఓడ పగిలినా సరుకు వర్తకుడిదేనని గణపతిదేవుడు 1244–45లో మోటుపల్లి రేవులో శాసనం వేయించాడు కదా, నా హీరో అలా ఒడ్డుకు కొట్టుకొచ్చిన వర్తకుడు, హీరోయిన్ అక్కడ సుంకం లెక్కలు రాసే కరణం కూతురు, ఆమెకి సముద్రం మాటలు వినిపిస్తాయి. వంటలో మిరపకాయ లేదు, మిరియాలే, మిరప మనకి పోర్చుగీసువాళ్లతో తర్వాతెప్పుడో వచ్చింది కాబట్టి. ఇలాంటివి వెతికితే దొరుకుతున్నాయి. టెన్షనంతా సంభాషణలతోనే. గ్రాంథికంలో రాస్తే ప్రేమ సన్నివేశం పౌరాణిక నాటకంలా బిగుసుకుపోతోంది, ఇప్పటి మాటల్లో రాస్తే ఆ కాలమే కనిపించట్లేదు. మీలో రాసినవాళ్లు మధ్యదారి ఎలా పట్టారు? ఇంకోటి, సముద్రం మాట్లాడుతుందని మొదటి అధ్యాయంలోనే చెప్పేయాలా, కొంత ఆగాలా?