పిల్లిపిల్ల కంటికి మనం వాడి మిగిల్చిన చుక్కలు: వేయొచ్చా, వద్దా?

పెరటి గడప (పర్లాకిమిడి)
మా పెరట్లో కట్టెల మోపు వెనక వీధి పిల్లి మూడు పిల్లలు పెట్టింది. ఆరు వారాలవుతోంది. ఒకదానికి ఎడమ కన్ను పుసితో అతుక్కుపోయింది, తుమ్ములు కూడా. మా అత్తగారు నందివర్ధనం పూల రసం పిండమంటున్నారు. మా ఆయన తన కళ్ళకలకకి వాడగా మిగిలిన చుక్కల సీసా తీశారు. పశువుల డాక్టరుకి చూపిద్దామని ఒకచోటికి వెళ్తే "ఆవులూ మేకలూ అయితే చూస్తాం" అన్నారు. ఏం చేయమంటారు?

గుణుపురం బండి
చుక్కలు వేసేయండి అక్కా. ఇన్నేళ్ళలో మా ఇంట్లో ఆరు పిల్లులు పెరిగాయి. అన్నిటికీ ఇలాగే వేశాం, రెండు మూడు రోజుల్లో కళ్ళు తెరిచాయి. పిల్లి కంటి డాక్టరు కోసం వెతుక్కుంటూ కూర్చుంటే ఈలోగా ఆ కన్ను పోతుంది.

మందుల కొట్టు (రాయగడ)
ఆగండి. ముందు ఆ సీసా మీద పేరు చదవండి. డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్ వీటిలో ఏది కనపడినా అది స్టిరాయిడ్. యాంటీబయాటిక్‌తో కలిపి అమ్మేవాటిలోనూ ఉంటుంది, చిన్న అక్షరాలు కూడా చూడాలి. తుమ్ములూ పుసీ కలిసి వచ్చాయంటే పిల్లిపిల్లల్లో ఎక్కువగా హెర్పిస్ వైరస్సే. అది మనుషులకి అంటదు, భయం లేదు. కానీ నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొరని పుండు చేయగలదు. పుండు మీద స్టిరాయిడ్ పడితే ఎరుపు తగ్గి కన్ను బాగుపడినట్టే కనిపిస్తుంది, కింద పుండు మాత్రం లోతవుతుంది. గుడ్డుకి చిల్లు పడేదాకా పోవచ్చు. నేను అమ్మేది ఈ సీసాలే, అయినా చెబుతున్నాను.

ఇంకోటి, మూత తీసి నెల దాటిన కంటి చుక్కలు మనిషికైనా వేయకూడదు.

గుణుపురం బండి
స్టిరాయిడ్ లేని ఉత్తి యాంటీబయాటిక్ అయితే? అప్పుడేం అభ్యంతరం? భయపెట్టడం తేలిక మాస్టారూ.

మందుల కొట్టు (రాయగడ)
అంత ప్రమాదం లేదు, ఒప్పుకుంటాను. కానీ వైరస్ మీద అది పనిచేయదు. పైన చేరిన బాక్టీరియాని మాత్రం తగ్గిస్తుంది. పిల్లుల్లో క్లామిడియా అని ఇంకో కంటి జబ్బుంది. దానికి డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ కడుపులోకే పోవాలి, మామూలుగా 4 వారాలు. చుక్కలతో కన్ను తెరుచుకుంటుంది, జబ్బు లోపలే ఉంటుంది. మీ ఆరు పిల్లుల్లో ఎన్నిటికి మళ్ళీ మళ్ళీ కళ్ళు కారేవో గుర్తు చేసుకోండి.

గుణుపురం బండి
రెండింటికి కారేవి. చలికాలంలో. అయినా బతికాయిగా!

మామ్మగారు (బరంపురం)
నందివర్ధనం గురించి నేను చెబుతాను. మా చిన్నప్పుడు ఎండలో తిరిగొస్తే మూసిన రెప్పల మీద ఆ పూలు పెట్టి పడుకోబెట్టేవారు. చల్లగా ఉండేది. అది రెప్ప మీద పెట్టుకోవడం తల్లీ, కంట్లో పిండుకోవడం కాదు. కాడ తుంచితే పాలు కారతాయి, అవి కంట్లో పడితే మంట. పైగా పిల్లి ముఖం తుడుచుకుని కాళ్ళు నాకుతుంది. మీ అత్తగారికి నా మాటగా చెప్పు. ఆముదం, టీ డికాషన్, తల్లిపాలు, ఇవి కూడా వద్దు.

మందు సంగతి ఎటు తేలినా శుభ్రం చేయడం ఇవాళే మొదలుపెట్టు. మందుల షాపులో సెలైన్ సీసా దొరుకుతుంది. లేకపోతే అర లీటరు నీళ్ళు మరిగించి చదునుగా ముప్పావు టీస్పూను ఉప్పు కలిపి, గోరువెచ్చగా చల్లార్చు. ఆ రోజుకే, మర్నాటికి దాచకు. పిల్లని తువ్వాల్లో చుట్టి తల మాత్రం బయట ఉంచు. పాత మెత్తటి నూలుగుడ్డ తడిపి రెప్ప మీద రెండు మూడు నిమిషాలు ఆనిస్తే పుసి నానుతుంది. గోటితో లాగకు. ముక్కు వైపు మూల నుంచి బయటికి ఒక్కసారి తుడిచి గుడ్డ మార్చు, రెండో కంటికి వేరే గుడ్డ. దూది వద్దు, పోగులు కంట్లో ఉండిపోతాయి.

పర్షియన్ అమ్మ (భువనేశ్వర్)
మా పర్షియన్ పిల్లికి రోజూ కంటి కింద గోధుమరంగు చారలే. చదును మూతి వల్ల కన్నీరు బయటికి కారిపోతుందట. తుడిస్తే చాలన్నారు. అన్నిటికీ ఇంత టెన్షన్ అవసరమా?

మందుల కొట్టు (రాయగడ)
మీది వేరే కథ అమ్మా. ఈ పిల్లకి పుసి కట్టి కన్నే మూతపడింది. కన్ను చికిలించినా, గుడ్డు మబ్బుగా నీలంగా కనపడినా, పాలు మానేసినా ఆ రోజే చూపించాలి. ఇంకా కళ్ళు తెరవని పసికూనకి రెప్పల కింద ఉబ్బితే అంతకంటే తొందర. విజయనగరం జిల్లా గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. ముందు 1962కి ఫోన్ చేసి అడగండి, సంచార పశువైద్య బండి నంబరు అది.

గుణుపురం బండి
ఒక వీధి పిల్లి కోసం రోజు కూలి మానుకుని గరివిడి పోవాలా? కూలి పని చేసేవాళ్ళని అడిగి చూడండి.

మామ్మగారు (బరంపురం)
నిజమే నాయనా. పోలేనివాళ్ళు ఉప్పునీళ్ళతో తుడవడంతో ఆగాలి. పోలేదు కదా అని తెలియని సీసా ఒంపమని కాదు.

పెరటి గడప (పర్లాకిమిడి)
మూడు రోజుల తర్వాత రాస్తున్నాను. సీసా మీద డెక్సామెథసోన్ ఉంది. మా ఆయన ఏం మాట్లాడకుండా చెత్తబుట్టలో వేశారు. మహేంద్రతనయ నది దాటి అవతల ఒక డాక్టరుకి చూపించాం. కంట్లో రంగు చుక్క వేసి నీలం లైటు పెట్టారు. గుడ్డు మీద ఆవగింజంత మచ్చ పచ్చగా మెరిసింది. పుండేనట, పైపైనే ఉందన్నారు. రోజుకు నాలుగుసార్లు ఆయింటుమెంటు. ఒకరు పట్టుకోవాలి, ఒకరు వేయాలి, సగం మా చీరలకే అంటుతోంది. నిన్న రాత్రి నుంచి మిగతా రెండూ తుమ్ముతున్నాయి. మామ్మగారూ, మూడింటికీ గుడ్డలు విడివిడిగా ఉడకబెట్టాలా?