కళ్లజోడు కెమెరాతో తెలుగు పేపర్ చదివించడం ఎలా?

మా నాన్నగారికి చూపు లేదు. కళ్లజోడుకు పక్కన తగిలించుకునే చిన్న కెమెరా వాడుతున్నారు. ఎదురుగా ఉన్న అచ్చును చూసి చెవి దగ్గర చదివి వినిపిస్తుంది. ఇంగ్లిష్‌లో వచ్చే బ్యాంకు ఉత్తరాలు, మందుల పెట్టెలు తడబడకుండా చదువుతుంది. తెలుగు పేపర్ పెడితే మాత్రం అక్షరాలేవీ లేవంటుంది, లేదంటే అర్థంలేని ఇంగ్లిష్ ముక్కలు పలుకుతుంది. సెట్టింగుల్లో భాషల జాబితాలో తెలుగు లేదు, అప్‌డేట్ చేసినా రాలేదు. లైటు పెంచాం, 30 నుంచి 50 సెంటీమీటర్ల దాకా దూరం మార్చి చూశాం. పెద్ద హెడ్‌లైన్లకూ అదే తంతు.

అదే పేజీని ఆండ్రాయిడ్ ఫోన్‌లో, ఫోటోలోని అక్షరాలను గుర్తించే గూగుల్ లెన్స్‌తో తీస్తే తెలుగు అక్షరాలు బాగానే వస్తున్నాయి, టాక్‌బ్యాక్ (ఫోన్ తెర మీద ఉన్నది చదివే సదుపాయం) వాటిని చదివి వినిపిస్తోంది కూడా. కానీ ఒక చేత్తో పేపర్, ఇంకో చేత్తో ఫోన్ పట్టుకుంటే ఆయనకు గురి కుదరడం లేదు. మెడలో వేసుకునే ఫోన్ స్టాండు కొన్నాం. అది ఊగుతుంటే ఫోటో మసకగా పడుతోంది. (టీవీ వార్తలు వినొచ్చుగా అనకండి, ఆయనకు కావాల్సింది జిల్లా పేజీ!)

కళ్లజోడుకు తగిలించుకుని, చేతులతో పని లేకుండా, అచ్చులోని తెలుగును తెలుగులోనే చదివి వినిపించే పరికరం మీలో ఎవరైనా స్వయంగా వాడుతుంటే, అది ఏదో చెప్పగలరా?